సైకాలజీ ప్రశ్నావళి తయారు చేయడం, మెరుగుపరచడం ఎలా?

“నలభై ప్రశ్నలు రాశాను, రెండు వందల మంది చేత నింపించాను, ఆల్ఫా 0.9 వచ్చింది. నా పరీక్ష సిద్ధమైనట్లేనా?” పరిశోధక విద్యార్థులు, కౌన్సెలర్లు, ఉద్యోగ నియామకాలు చూసేవారు ఈ మాట అడుగుతూనే ఉంటారు. (ఆల్ఫా అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె.) చాలాసార్లు కాలేదనే చెప్పాల్సి వస్తుంది. ప్రశ్నలు రాయడం ఈ పనిలో చిన్న భాగమే. రాసినవాటిలో ఏవి పనికిరావో పట్టుకుని తీసేయడమే అసలు పని. అది కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి చాలా ముందే మొదలవుతుంది.

అంతా ఒకే ఉదాహరణతో చూద్దాం: పనులు వాయిదా వేసే అలవాటును కొలిచే ప్రశ్నావళి.

అయితే ముందుగా వెతకండి. మీకు కావలసిన విషయం మీద బాగా పరీక్షించిన ప్రశ్నావళి ఇప్పటికే ఉంటే, హక్కుదారుల అనుమతి తీసుకుని దాన్నే వాడండి. అది వేరే భాషలో ఉంటే ఇద్దరు విడివిడిగా అనువదించాలి, మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చాలి, తేడాలను కలిసి కూర్చుని తేల్చుకోవాలి. అంతటితో ఆగకుండా కింది 6వ దశ నుంచి అన్నీ చేయాలి. అనువదించిన పరీక్ష కొత్త పరీక్షే. మూలానికి ఉన్న విశ్వసనీయత (కొలత ఎంత నిలకడగా ఉందన్నది) దానికి వారసత్వంగా రాదు.

కావలసినవి

- ఏం కొలుస్తున్నారో, ఎవరిలో కొలుస్తున్నారో, ఫలితంతో ఏం చేస్తారో రాసిన ఒక పేజీ
- ఆ విషయం తెలిసిన ఆరు నుంచి పది మంది నిపుణులు
- ప్రశ్నావళిలోని వాక్యాలను పైకి చదివి తమ ఆలోచన చెప్పే పది మంది మామూలు మనుషులు
- మొదటి విడతకు 200 నుంచి 300 మంది, రెండో విడతకు మళ్లీ అంతమంది వేరేవాళ్లు
- గణాంకాలు చేసే సాఫ్ట్‌వేర్ (ఉచితంగా దొరికే ‘ఆర్’, ‘జమోవీ’, ‘జాస్ప్’ చాలు)
- పాల్గొనేవారి రాతపూర్వక సమ్మతి, మీ సంస్థ నైతిక సంఘం అనుమతి

ఆత్మహత్య ఆలోచనల వంటి విషయాలు అడిగే ప్రశ్నావళి అయితే ఇంకొకటి కూడా కావాలి. ఎవరైనా “అవును” అని రాస్తే ఆ రోజే వారితో ఎవరు మాట్లాడాలో ముందే తేల్చుకోండి. అది తేలకుండా ఆ ప్రశ్న అడగకండి.

దశ 1. హద్దులు గీయండి

“వాయిదా వేయడం” అంటే ఏమిటో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి. అది ఏది కాదో కూడా రాయండి. బద్ధకం కాదు, మతిమరుపు కాదు, పని భారం కాదు. చేయాలనుకుని, చేయగలిగి, నష్టమని తెలిసి కూడా ఆలస్యం చేయడం. ఈ “కాదు”ల జాబితా తర్వాత చాలా వాక్యాల తలరాత నిర్ణయిస్తుంది.

ఉపయోగం కూడా ఇక్కడే తేలాలి. గుంపుల సగటులను పోల్చే పరిశోధనకు సరిపోయే పరీక్ష, ఒక మనిషి ఉద్యోగాన్నో చికిత్సనో నిర్ణయించడానికి సరిపోదు.

దశ 2. అవసరానికి మూడు రెట్లు రాయండి

చివరికి 12 వాక్యాలు కావాలంటే 35 నుంచి 40 రాయండి. వాటిని మీ ఊహ నుంచే తీయకండి. ఆ అలవాటు ఉన్నవాళ్లతో మాట్లాడి, వాళ్ల నోటి మాటలు రాసుకోండి. పుస్తకాల భాషలో రాసిన వాక్యాలను జనం అర్థమైనట్లు నటిస్తూ నింపుతారు.

దశ 3. ఒక్కో వాక్యాన్ని విడిగా నిలదీయండి

మొదటి చిత్తులో సాధారణంగా ఇలాంటి వాక్యం ఉంటుంది: “నేను ముఖ్యమైన పనులను తరచూ వాయిదా వేస్తూ, ఆఖరి నిమిషంలో ఆందోళన పడుతుంటాను.”

చూడటానికి బాగానే ఉంది. కానీ ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. వాయిదా వేసి కూడా నిశ్చింతగా ఉండేవారు ఏం టిక్కు పెట్టాలి? “తరచూ” అనే మాట వాక్యంలో ఉండి, జవాబుల్లో “అప్పుడప్పుడు” ఉంటే “తరచూ చేయడం అప్పుడప్పుడు” అనే వింత పుడుతుంది. “ముఖ్యమైన” అన్నది ఒక్కొక్కరికి ఒక్కోటి. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఇది: “గడువు దగ్గరపడ్డాకే పని మొదలుపెడతాను.” ఆందోళన సంగతి కావాలంటే దానికి వేరే వాక్యం రాయాలి. అసలు అది మీ నిర్వచనంలో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఎక్కువగా కనిపించే మిగతా తప్పులు:

- వ్యతిరేక వాక్యం. “పనిని సమయానికి పూర్తి చేయను” అనే వాక్యానికి “అంగీకరించను” అని జవాబివ్వాలంటే మనిషి రెండుసార్లు తల తిప్పుకోవాలి. చాలామంది పొరపాటున ఎదురు జవాబు పెడతారు. వ్యతిరేకార్థం కావాలంటే క్రియను మార్చకండి, విషయాన్నే మార్చండి: “అనుకున్న సమయానికే పని మొదలుపెడతాను.”
- పరువుకు సంబంధించిన మాట. “నేను బద్ధకస్తుడిని” అని ఒప్పుకునేవారు తక్కువ. పైగా ఇది స్త్రీలకు అతకదు. మనిషికి బిరుదులు తగిలించకుండా, చేసే పనిని అడగండి.
- అందరూ “అవును” అనే వాక్యం. “నాకు చేయాల్సిన పనులు చాలా ఉంటాయి.” దీనికి కాదనేవారు అరుదు కాబట్టి ఇది ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు.
- కొందరికే వర్తించేది. ఉద్యోగం లేనివారిని ఆఫీసు ఈమెయిళ్ల గురించి అడగడం.

దశ 4. జవాబుల వరస

రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన పద్ధతే ఇప్పటికీ ఎక్కువ వాడుకలో ఉంది: “అసలు అంగీకరించను” నుంచి “పూర్తిగా అంగీకరిస్తాను” దాకా ఐదు మెట్లు. నాలుగు నుంచి ఏడు మెట్లు సరిపోతాయి. అలవాట్లను కొలిచేటప్పుడు అంగీకారం కంటే “గత రెండు వారాల్లో ఎన్నిసార్లు” అనే వరస నాకు మెరుగ్గా అనిపిస్తుంది. కాలపరిమితి ఉంటే జ్ఞాపకం ఒక చోట నిలబడుతుంది. వరస ఏదైనా సరే, మొత్తం ప్రశ్నావళికి అదొక్కటే ఉంచండి.

దశ 5. నిపుణులకు చూపించండి

వాక్యాలను, మీ నిర్వచనాన్ని కలిపి ఇచ్చి, ఒక్కో వాక్యం “తప్పనిసరి”యా కాదా అని విడివిడిగా అడగండి. 1975లో లాషే ఇచ్చిన లెక్క తేలిక: తప్పనిసరి అన్నవారి సంఖ్యలోంచి మొత్తం నిపుణుల్లో సగాన్ని తీసేసి, ఆ సగంతోనే భాగించాలి. పది మందిలో తొమ్మిది మంది అవునంటే (9 − 5) / 5 = 0.8. పది మంది ఉన్నప్పుడు 0.62 కంటే తగ్గినవాటిని లాషే పట్టిక ప్రకారం వదిలేయాలి. అంకె కంటే వారు పక్కన రాసే వ్యాఖ్యలే ఎక్కువ పనికొస్తాయి.

దశ 6. పైకి చదివించి వినండి

ఎక్కువమంది దాటేసే దశ ఇదే. దీనికి ఖర్చు దాదాపు లేదు, లాభం మాత్రం అన్నిటికంటే ఎక్కువ.

ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టండి. వాక్యాన్ని పైకి చదవమనండి, జవాబు పెట్టేటప్పుడు మనసులో ఏం తిరుగుతోందో చెప్పమనండి. మీరు వివరించకండి, సరిదిద్దకండి. “మీ మాటల్లో ఈ వాక్యం ఏమంటోంది?”, “ఏ సందర్భం గుర్తొచ్చింది?” అన్న రెండు ప్రశ్నలు చాలు.

మన “గడువు దగ్గరపడ్డాకే పని మొదలుపెడతాను” వాక్యాన్నే చదివించారనుకుందాం. ఒక విద్యార్థి “పరీక్ష ముందు రోజే చదువుతాను, అదే కదా?” అంటారు. బాగుంది. ఇంటిపని చూసుకునే ఒకామె “నా పనులకు గడువులెక్కడివి?” అంటారు. షిఫ్టుల్లో పనిచేసే కార్మికుడు “ఎప్పుడు మొదలుపెట్టాలో మా పైఅధికారి చెబుతారు” అంటారు. అంటే చివరి ఇద్దరి దగ్గర ఈ వాక్యం వాయిదాను కొలవడం లేదు. సమయం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని కొలుస్తోంది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ మాట చెప్పదు. అంకెల్లో అది “కొంచెం తక్కువ సహసంబంధం”గా మాత్రమే కనిపిస్తుంది. (సహసంబంధం అంటే రెండు కొలతలు ఎంత కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె.)

దాన్ని ఇలా మార్చి చూడండి: “ఈ రోజు చేయాలనుకున్న పనిని రేపటికి నెడతాను.” మార్చిన వాక్యాన్ని కొత్తవాళ్ల చేత మళ్లీ చదివించండి. కొత్త అపార్థాలు బయటపడటం ఆగాకే ముందుకు వెళ్లండి.

దశ 7. తొలి విడత డేటా, దాని శుభ్రత

ఎవరి కోసం పరీక్ష తయారు చేస్తున్నారో వారి నుంచే తీసుకోండి. కాలేజీ విద్యార్థులు తేలికగా దొరుకుతారని వారితోనే నింపించి, ఫలితాన్ని పెద్దలందరికీ వర్తింపజేయడం ఈ రంగంలో పాత జబ్బు.

వాక్యాల మధ్యలో “ఈ వరసలో ‘కొంత అంగీకరిస్తాను’ ఎంచుకోండి” వంటిది ఒకటి పెట్టండి. చదవకుండా నింపేవారు అక్కడ దొరుకుతారు. ఎదురర్థం ఉన్న వాక్యాలకు కూడా వరసగా ఒకే జవాబు పెట్టినవారిని, చదవడానికే చాలనంత తక్కువ సమయంలో ముగించినవారిని పక్కన పెట్టండి. ఎవరిని ఏ నియమం కింద తీసేస్తారో డేటా రాకముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం చూశాక నియమం పెడితే అది శుభ్రత కాదు, సర్దుబాటు.

దశ 8. వాక్యాల విశ్లేషణ

ముందు ఎదురర్థపు వాక్యాల స్కోరు తిప్పండి. 1 నుంచి 5 వరకు ఉన్న వరసలో 6లోంచి జవాబును తీసేస్తే చాలు. తర్వాత ఒక్కో వాక్యానికి మూడు అంకెలు చూడండి: సగటు, ప్రామాణిక విచలనం (జవాబులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయన్నది), ఆ వాక్యాన్ని మినహాయించిన మిగతా మొత్తంతో దాని సహసంబంధం. మినహాయించకపోతే వాక్యం తనతో తానే సరిపోలి అంకె పెద్దదిగా కనిపిస్తుంది.

ఫలితాలు ఇలా వచ్చాయనుకుందాం:

- “ఈ రోజు చేయాలనుకున్న పనిని రేపటికి నెడతాను”: సగటు 3.1, సహసంబంధం 0.58. ఉంచండి.
- “నాకు చేయాల్సిన పనులు చాలా ఉంటాయి”: సగటు 4.7, సహసంబంధం 0.09. తీసేయండి. దశ 3లోనే పోవాల్సింది.
- “చిన్న చిన్న పనులు కూడా మర్చిపోతుంటాను”: సగటు 2.8, సహసంబంధం 0.27. హద్దు మీద ఉంది. మీ “కాదు”ల జాబితా చూడండి. ఇది మతిమరుపు, వాయిదా కాదు. తీసేయండి.
- “అనుకున్న సమయానికే పని మొదలుపెడతాను”: సగటు 3.0, సహసంబంధం −0.49. తీసేయకండి! స్కోరు తిప్పడం మర్చిపోయారు.

చివరిది అన్నిటికంటే మామూలు తప్పు. బలమైన రుణ సంఖ్య కనిపిస్తే ముందు అనుమానించాల్సింది వాక్యాన్ని కాదు, మీ ఫైలును. సాధారణంగా 0.3 కంటే తక్కువ ఉన్నవాటిని అనుమానంతో చూడాలి. అయితే అంకె బాగాలేదని, నిర్వచనంలోని ఒక ముఖ్యమైన కోణానికి ఉన్న ఒకే ఒక్క వాక్యాన్ని తీసేయకూడదు. దాన్ని తిరగరాయండి.

మీది అభిప్రాయాల ప్రశ్నావళి కాక, సరైన జవాబు ఉండే సామర్థ్య పరీక్ష అయితే దారి కొంచెం వేరు. ఒక్కో ప్రశ్నకు ఎంత శాతం మంది సరిగ్గా చెప్పారో చూడాలి, అదే కాఠిన్యతా సూచిక. మొత్తం స్కోరులో పై 27 శాతం, కింది 27 శాతం మందిని పోల్చితే ఆ రెండింటి తేడాయే విచక్షణా సూచిక, అంటే తెలిసినవారినీ తెలియనివారినీ ప్రశ్న ఎంత వేరు చేస్తోందన్నది. పైవారిలో 80 శాతం, కిందివారిలో 30 శాతం సరిగ్గా చెబితే అది 0.50, చాలా మంచి ప్రశ్న. కిందివారే ఎక్కువ సరిగ్గా చెబితే జవాబుల పట్టికలో తప్పుందేమో మొదట చూడండి.

దశ 9. వాక్యాలు ఎన్ని గుంపులు?

మీరు ఒకే విషయం అనుకున్నది రెండుగా తేలవచ్చు. ఉదాహరణకు పని మొదలుపెట్టడంలో ఆలస్యం ఒకటి, పూర్తి చేయడంలో ఆలస్యం మరొకటి. దీనికి కారకాంశ విశ్లేషణ చేయాలి, అంటే కలిసి నడిచే వాక్యాలను గుంపులుగా తేల్చే గణాంక పద్ధతి. సాఫ్ట్‌వేర్ దానంతటదే ఎంచుకునే “ఐగెన్ విలువ (గుంపు బలాన్ని చెప్పే అంకె) 1 దాటినవన్నీ” అనే నియమాన్ని నమ్మకండి, అది ఎక్కువ గుంపులు చూపిస్తుంది. 1965లో హార్న్ ఇచ్చిన సమాంతర విశ్లేషణ మేలు. యాదృచ్ఛిక అంకెల్లో వచ్చే గుంపుల కంటే బలంగా ఉన్నవాటినే అది నిలుపుతుంది. ఎదురర్థపు వాక్యాలన్నీ కలిసి ఒక “గుంపు”గా వస్తే దానికి గంభీరమైన పేరు పెట్టకండి. అది రాసిన తీరు వల్ల పుట్టిన గుంపు కావచ్చు.

ఇక్కడ తేలిన నిర్మాణాన్ని రెండో విడత మనుషులతో నిర్ధారించాలి. అదే డేటాతో కనిపెట్టి, అదే డేటాతో నిరూపించడం చెల్లదు.

దశ 10. విశ్వసనీయత, ఆల్ఫా మాయ

క్రాన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా, వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత కలిసి నడుస్తున్నాయో చెబుతుంది. పరిశోధనకు 0.7, 0.8 మధ్య ఉంటే సరిపోతుందని, వ్యక్తుల గురించి నిర్ణయాలకు 0.9 ఉండాలని సాధారణంగా అంటారు. అయితే వాక్యాల సంఖ్యను బట్టి అది ఎలా పెరుగుతుందో చూడండి. వాక్యాల మధ్య సగటు సహసంబంధం 0.2 మాత్రమే అనుకుందాం. పది వాక్యాలకు ఆల్ఫా 0.71, ఇరవైకి 0.83, నలభైకి 0.91. నాణ్యత ఏమీ మారలేదు, ప్రశ్నావళి పొడవు మాత్రమే పెరిగింది. మొదట్లో అడిగిన 0.9 అలా వచ్చిందే కావచ్చు. ఒకే మాటను నాలుగు రకాలుగా అడిగినా అంతే పెరుగుతుంది. గుంపులు రెండుంటే ఆల్ఫా రెండింటికీ విడివిడిగా లెక్కించాలి.

ఆల్ఫాతో ఆగకండి. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అదే మనుషుల చేత మళ్లీ నింపించి పోల్చండి. మరీ త్వరగా అడిగితే పాత జవాబులు గుర్తుంటాయి, మరీ ఆలస్యమైతే మనిషే మారవచ్చు.

ఆ తర్వాత విశ్వసనీయతను స్కోరు భాషలోకి మార్చండి. కొలత దోషం = ప్రామాణిక విచలనం × √(1 − విశ్వసనీయత). విచలనం 8, విశ్వసనీయత 0.84 అయితే దోషం 3.2. అంటే 95 శాతం నమ్మకంతో స్కోరుకు అటూ ఇటూ 6 పైచిలుకు వదలాలి. 41 వచ్చినవారికి, 44 వచ్చినవారికి తేడా ఉందని మీరు చెప్పలేరు. ఈ లెక్క నివేదికలో లేకపోతే చదివేవారు ఒక్క పాయింటు తేడాకు కూడా అర్థాలు తీస్తారు.

దశ 11. కొలవాల్సిందే కొలుస్తోందా?

దీన్నే సప్రమాణత అంటాం. డేటా తీసే ముందే మీ అంచనాలు రాసిపెట్టండి. వాయిదా స్కోరు ఆత్మనియంత్రణ స్కోరుతో రుణ సంబంధంలో ఉండాలి (ఒకటి పెరిగితే మరొకటి తగ్గాలి). పదజాల పరీక్షతో దాదాపు ఏ సంబంధమూ ఉండకూడదు. పాత వాయిదా ప్రశ్నావళితో బాగా కలవాలి, కానీ పూర్తిగా ఒకటైపోతే మీరు కొత్తగా చేసిందేమిటి? కలవాల్సినవాటితో కలవడం, కలవకూడనివాటితో కలవకపోవడం రెండూ చూడాలని క్యాంప్‌బెల్, ఫిస్క్ 1959లో గట్టిగా చెప్పారు. రెండో సగాన్ని ఇప్పటికీ చాలామంది వదిలేస్తారు.

కాగితం మీది స్కోర్లను కాగితం మీది స్కోర్లతోనే పోల్చి ఊరుకోకండి. అసైన్‌మెంట్లు నిజంగా ఏ తేదీన అందజేశారో, అలాంటి ప్రవర్తన ఒకటైనా తీసుకోండి. అక్కడ సహసంబంధం చిన్నదిగా వస్తుంది. కంగారు పడకండి, ప్రవర్తనకు ఇంకా వంద కారణాలుంటాయి.

మొత్తం స్కోరు సమానంగా ఉన్న స్త్రీలు, పురుషులు ఏదైనా ఒక వాక్యానికి మాత్రం క్రమంగా వేర్వేరు జవాబులిస్తున్నారేమో కూడా చూడండి. అలా ఉంటే ఆ వాక్యం ఒక వర్గానికి అన్యాయం చేస్తూ ఉండవచ్చు. వయసుకూ, చదువుకూ ఇదే పరిశీలన చేయాలి.

దశ 12. స్కోరుకు అర్థం ఇవ్వండి

“38 వచ్చింది” అంటే ఏమీ తెలియదు. ఎవరితో పోల్చితే 38? పెద్ద నమూనా నుంచి పర్సెంటైల్ పట్టిక (ఒక్కో స్కోరు కంటే ఎంత శాతం మంది కింద ఉన్నారో చెప్పేది) తయారు చేసి, ఆ నమూనాలో ఎవరున్నారో స్పష్టంగా రాయండి.

“ఇంత దాటితే సమస్య ఉన్నట్లు” అని గీత గీయాలనుకుంటే ఈ లెక్క చేసి చూడండి. వెయ్యి మందిలో 50 మందికి నిజంగా సమస్య ఉంది. మీ పరీక్ష సమస్య ఉన్నవారిలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివారిలో 90 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. అంటే 45 మంది నిజంగా దొరుకుతారు, వారితో పాటు 95 మంది అనవసరంగా గీత దాటుతారు. గీత దాటిన 140 మందిలో మూడింట రెండొంతుల మందికి సమస్యే లేదు! అందుకే కుంగుబాటుకు విస్తృతంగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కు 10 వచ్చినా అది రోగనిర్ధారణ కాదు, నిపుణులు మాట్లాడి చూడాలనే సూచన మాత్రమే.

మళ్లీ ఎప్పుడు మార్చాలి?

ఫ్రాన్స్‌కు చెందిన బినే, సైమన్ 1905లో పారిస్‌లో 30 అంశాలతో తెచ్చిన తెలివితేటల పరీక్షను 1908లో ఒకసారి, 1911లో మరోసారి సవరించారు. 1943లో వచ్చిన మిన్నెసోటా వ్యక్తిత్వ పరీక్షకు మొదటి పోలిక నమూనా ఎక్కువగా విశ్వవిద్యాలయ ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధుమిత్రులే. 1989 కూర్పులో పాతబడ్డ వాక్యాలు మార్చి, 2600 మందితో కొత్త పట్టికలు వేశారు. తెలివితేటల పరీక్షల్లోనైతే సగటు స్కోర్లు తరానికి తరం పెరుగుతూ వచ్చాయని పరిశోధకుడు జేమ్స్ ఫ్లిన్ 1980లలో చూపించారు. అమెరికా లెక్కల్లో అది పదేళ్లకు దాదాపు 3 పాయింట్లు. పాత పట్టికతో కొలిస్తే ఈనాటివారంతా కొంచెం ఎక్కువ తెలివైనవారిగా కనిపిస్తారు.

కాబట్టి సగటులు జరుగుతున్నప్పుడు, వాక్యంలోని వస్తువో అలవాటో వాడుకలోంచి పోయినప్పుడు, ప్రశ్నలు బయటికి పొక్కినప్పుడు కొత్త కూర్పు తీయండి. ఒక్క వాక్యం మార్చినా దశ 6 నుంచి మళ్లీ నడవాలి. పాత కూర్పు స్కోరును కొత్త పట్టికతో చదవకూడదు. ఈ గందరగోళం రాకుండా ప్రతి కాపీ అడుగున కూర్పు సంఖ్య, సంవత్సరం ముద్రించండి.